మా పాప గోడలెక్కుతానంటోంది, ఇంటర్ వద్దంటోంది. ఇందులో బతుకుదెరువు ఉందా?

పెన్నా_గట్టు
మాది నెల్లూరు, రొయ్యల మేత వ్యాపారం. పాపకు 14 ఏళ్లు, ఇప్పుడు పదిలోకి వస్తోంది. రెండేళ్ల కింద వేసవిలో బెంగళూరులో మా చెల్లెలింటికి పంపితే, వాళ్ల వీధిలోనే ఉన్న క్లైంబింగ్ జిమ్‌కు పోయింది. అంతే, పట్టుకుంది. అప్పట్నుంచి రెండు రోజులు సెలవు దొరికితే చాలు, శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తియ్యమంటుంది. మొన్న సౌత్ జోన్ పోటీల్లో పిల్లల విభాగంలో బౌల్డరింగ్‌లో ఆరో స్థానం వచ్చింది. ఇంటికొచ్చి పెట్టె కూడా దించకుండా, "నాన్నా, నేను ప్రొఫెషనల్ క్లైంబర్ అవుతా, నన్ను ఇంటర్ హాస్టల్లో వెయ్యొద్దు" అంది.

ఇంట్లో పరిస్థితి చెప్తా. ఏ స్విచ్ బోర్డు చూసినా, పట్టు జారకుండా చేతులకు పూసుకునే తెల్ల చాక్ పొడి వేలిముద్రలే. గుమ్మం పైచట్టానికి వేళ్ల కొసలతో వేలాడుతూ ఉంటుంది. గుమ్మానికి వేలాడితే ఇంటికి అరిష్టమని మా అమ్మ రోజూ గొడవ. నేను మధ్యలో.

అడిగేది ఇదీ. ఇందులో డబ్బు వస్తుందా? ఎన్నేళ్లు ఆడగలరు? వేళ్లు పాడవుతాయా? నెల్లూరులో ఉండి అయ్యే పనేనా? ఎగతాళి చేసేవాళ్లు ముందే కానిచ్చేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

కారందోశె_ప్రియుడు
సరే, నా వంతు కానిచ్చేస్తా. బెంగళూరు ఎందుకన్నా, పెంచలకోన పంపించు. అక్కడి కోతులు ఫీజు లేకుండా నేర్పుతాయి. కొబ్బరి చిప్ప మాత్రం చేతిలో ఉండాలి.

కుర్చీలో_క్రికెట్
ఎగతాళి ఎందుకు? మన తెలుగమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది గదా, 2014లో. మీ పాపను కూడా పంపండి. ఎక్కి దిగితే పేపర్లో ఫొటో, సన్మానం, అన్నీ వస్తాయి.

కావలి_కుర్రోడు
@కుర్చీలో_క్రికెట్ అది పర్వతారోహణ బాబాయ్, ఇది వేరే. పూర్ణ కూడా మొదట భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని రాయెక్కడమే నేర్చుకుంది, ఆ మేరకు చుట్టరికం ఉంది. ఆ తర్వాత దారులు వేరు. అక్కడ మంచు, ఆక్సిజన్, వారాల తరబడి ఓపిక. ఇక్కడ ఏసీ హాల్లో ప్లైవుడ్ గోడ, నాలుగైదు నిమిషాల టైము, కింద పరుపు.

నాది కావలి. పదకొండేళ్లు పోటీలు ఆడా. ఇప్పుడు బెంగళూరులో రూట్ సెట్టర్‌గా, అంటే గోడ మీద చేతులు, కాళ్లు పెట్టే పట్టులు బిగించి దారులు కట్టేవాడిగా పనిచేస్తున్నా. పెన్నా గట్టన్నా, మీ ప్రశ్నలకు రాత్రి డ్యూటీ అయ్యాక పెద్దగా రాస్తా.

ఇంటర్_మాష్టారు
పదో తరగతి పిల్ల మాటకు తలూపొద్దు. 23 ఏళ్లుగా ఇంటర్‌కు ఫిజిక్స్ చెప్తున్నా. ఏటా ఒకడు డాన్సర్, ఒకడు యూట్యూబర్, ఒకడు క్రికెటర్ అవుతానని వస్తాడు. రెండేళ్లయ్యాక అందరూ సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి వరసలో కనిపిస్తారు. ముందు ఎంపీసీ, తర్వాత ఏ గోడైనా ఎక్కమనండి.

చీమకుర్తి_నల్లరాయి
మాష్టారూ, మీ కాలేజీ హాస్టల్ గోడ ఎక్కి సినిమాకు పోయినోళ్లంతా ఆ లెక్కన ప్రొఫెషనల్సే.

ఇంటర్_మాష్టారు
@చీమకుర్తి_నల్లరాయి వాళ్లను దించడానికి నేనూ ఎక్కాను లెండి.

కావలి_కుర్రోడు
ఇప్పుడు తీరింది. రాస్తున్నా.

ఈ ఆటలో మూడు రకాలు. బౌల్డరింగ్‌లో గోడ నాలుగు నాలుగున్నర మీటర్లు, తాడు ఉండదు, కింద మందపాటి పరుపు. ఎత్తు తక్కువే, చిక్కు ఎక్కువ. లీడ్‌లో తాడు కట్టుకుని 15 మీటర్ల గోడ మీద ఆరు నిమిషాల్లో ఎంత పైకి పోగలిగితే అంత. మూడోది స్పీడ్. అదీ 15 మీటర్లే, కానీ పట్టులు ప్రపంచమంతా ఒకటే అమరిక. టోక్యో ఒలింపిక్స్‌లో మూడూ కలిపి ఒకే పతకం పెట్టారు. 100 మీటర్ల పరుగు, మారథాన్ కలిపి ఒకే పతకం ఇచ్చినట్టుందని అందరం తిట్టుకున్నాం. పారిస్‌లో స్పీడ్‌ను విడదీశారు. 2028 లాస్ ఏంజెలెస్‌లో మూడింటికీ వేర్వేరు పతకాలు.

మన దేశంలో దీన్ని చూసేది ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్. జోనల్ పోటీలు, అక్కణ్నుంచి నేషనల్స్, అక్కణ్నుంచి ఇండియా క్యాంపు. మీ పాప మొదటి మెట్టు మీద ఉంది. సౌత్ జోన్ అంటే బెంగళూరు పిల్లలతో పోటీ. వాళ్లు స్కూలు వదలగానే గోడ దగ్గరుంటారు. సెలవులకు రైలెక్కి వచ్చే పిల్లకు అందులో ఆరో స్థానం వచ్చిందంటే తేలిగ్గా తీసుకోకండి.

డబ్బు సంగతి నేరుగా చెప్తా. ఆడినందుకు ఇక్కడ నాకు డబ్బు రాలేదు. బూట్లు జత పది పన్నెండు వేలు, ఆర్నెల్లకు ముందుభాగం అరుగుతుంది, కొత్త సోలు వేయించి మళ్లీ తొడుక్కోవడమే. పోటీకి రైలు ఖర్చు మనదే. పైస్థాయి ఆటగాళ్లు కంపెనీల స్పాన్సర్‌షిప్‌తో బతుకుతారు. మాలాంటివాళ్లకు కోచింగ్, రూట్ సెట్టింగ్, జిమ్ నడపడం, ఇవే దారి. నా మొదటి జీతం 18 వేలు. ఇప్పుడు ఇల్లు గడుస్తోంది, పెళ్లి కూడా అయింది. అబ్బాయి ఏం చేస్తాడంటే చెప్పడానికి మా మామగారు ఇప్పటికీ తంటాలు పడుతుంటాడు. "గోడలకు బొమ్మలు బిగిస్తాడు" అని చెప్పుకుంటాడు. అబద్ధం కాదు.

కనిగిరి_కొండ
మన దగ్గర రాళ్లకేం కొరత? కనిగిరి కొండ ఉంది, ఉదయగిరి దుర్గం ఉంది, భైరవకోన ఉంది. ఉత్త చేతులతో కోట గోడలెక్కే చిత్రదుర్గం జ్యోతిరాజ్‌ను చూడండి, కోతిరాజ్ అంటారు. ఏ జిమ్‌కు పోయాడు?

కావలి_కుర్రోడు
@కనిగిరి_కొండ జ్యోతిరాజ్ అంటే నాకూ గౌరవమే. కానీ 14 ఏళ్ల పిల్లకు ఆ వీడియోలు చూపించి గుట్ట మీదికి పంపొద్దు. తాడు, పరుపు, పక్కన తెలిసినవాడు, ఈ మూడూ లేకుండా ఒక్క అడుగు కూడా వద్దు. ఇంక భైరవకోన అంటారా, అవి రాతిలో తొలిచిన శివాలయాలు. దేవుడి గుడి మీద చాక్ పొడి పూసి ఎక్కడం ఏందన్నా?

కనిగిరి_కొండ
గుడి ఎక్కమన్లేదు అబ్బయ్యా, పక్క గుట్ట.

చీమకుర్తి_నల్లరాయి
మా నాన్న గెలాక్సీ గ్రానైట్ క్వారీలో నడుముకు తాడు కట్టుకుని డ్రిల్లు పట్టేవాడు. అరచేతులు ఎంత మొద్దుబారాయంటే పొయ్యి మీది గిన్నె గుడ్డ లేకుండా దించేవాడు. ఈ పాప చేతులు కూడా అట్టా అవుతాయా? పెళ్లికి ఇబ్బంది కదా అని మా ఆవిడ అడగమంది. నేను కాదు, మా ఆవిడ.

మైపాడు_అల
@చీమకుర్తి_నల్లరాయి మీ ఆవిడకు నా చేతులు చూపిస్తా. కాలేజీ రోజుల్లో నాలుగేళ్లు స్పీడ్ ఆడాను, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. మొద్దుబారడం మంచిది కూడా కాదు. గట్టిపడిన చర్మం గరుకు పట్టుకు తగులుకుని చీరుకుపోతుంది. అందుకే మేం గోళ్లకు వాడే ఆకురాయిలాంటి దాంతో వేళ్ల కొసలు రుద్దుకుంటాం, రాత్రి మైనం లాంటి క్రీము రాసుకుంటాం. క్లైంబర్ల సంచిలో ఇవి తప్పకుండా ఉంటాయి. మా అత్తగారు చూసి నేను సోకులు చేసుకుంటున్నాననుకునేది.

నెల్లూరులో అసలు తలనొప్పి చెమట. సముద్రపు గాలికి చేతులు ఎప్పుడూ తడే. చాక్ ఎంత పూసినా రెండో పట్టుకల్లా పిండి ముద్దవుతుంది.

కుర్చీలో_క్రికెట్
అయితే ఇది చల్లటి దేశాల ఆట. ఒప్పుకోండి. యూరప్ వాళ్లు, జపాన్ వాళ్లు. మనకెందుకు?

మైపాడు_అల
@కుర్చీలో_క్రికెట్ పారిస్‌లో పురుషుల స్పీడ్ స్వర్ణం ఎవరిదో చూశారా? ఇండోనేషియా వాడు వెడ్రిక్ లియొనార్డో. ఫైనల్లో 4.75 సెకండ్లు. ఆ దేశానికి బ్యాడ్మింటన్ కాకుండా వేరే ఆటలో ఒలింపిక్ స్వర్ణం రావడం అదే మొదలు. జకార్తాలో మన మైపాడు కంటే ఏమన్నా చల్లగా ఉంటుందా?

ఇంటర్_మాష్టారు
15 మీటర్లు 4.75 సెకండ్లలోనా? అంటే సగటున సెకనుకు మూడు మీటర్ల పైన, నిట్టనిలువుగా! మా కాలేజీ అయిదో అంతస్తుకు లిఫ్ట్ ఎక్కితే నిమిషం పడుతుంది.

మైపాడు_అల
నిట్టనిలువు కూడా కాదు మాష్టారూ, గోడ అయిదు డిగ్రీలు మనమీదికే వాలి ఉంటుంది. అదే ఒలింపిక్స్‌లో కంచు పతకం పోరులో అమెరికా కుర్రాడు శామ్ వాట్సన్ 4.74లో ఎక్కాడు. ప్రపంచ రికార్డు కొట్టాడు, చేతికొచ్చింది మాత్రం కంచు. ఆడవాళ్లలో పోలండ్ అమ్మాయి అలెక్సాండ్రా మిరోస్లావ్ 6.06.

ఇంటర్_మాష్టారు
రికార్డు కొట్టినా స్వర్ణం రాలేదా? ఇది మరీ ఇంటర్ ర్యాంకుల కంటే అన్యాయంగా ఉందే.

పెన్నా_గట్టు
చదువుతున్నా. అందరికీ థాంక్స్, కోతుల సలహాకు కూడా. పాపకు ఇంకో భయం ఉంది. తన ఎత్తు అయిదడుగులు కూడా లేదు. వాళ్లమ్మ వైపు అంతా పొట్టే. జోనల్స్‌లో ఒక చోట పట్టు అందక మూడుసార్లు ఎగిరి, పడి, ఏడ్చేసింది. పొట్టివాళ్లకు ఇది కుదరని ఆటేమో అని నా అనుమానం.

కావలి_కుర్రోడు
అన్నా, ఇది మా సెట్టర్ల నెత్తిన ఎప్పుడూ ఉండే సంగతి. పారిస్‌లో జపాన్ అమ్మాయి ఆయ్ మోరి, 154 సెంటీమీటర్లు. ఫైనల్లో మొదటి బౌల్డర్‌కు (గోడ మీద కట్టిన ఒక్కో దారిని అట్టా అంటాం) మొదలుపెట్టే పట్టే అందలేదు. టైము అయిపోయేదాకా ఎగురుతూనే ఉంది. ప్రపంచమంతా సెట్టర్లను తిట్టింది. అదే అమ్మాయి తర్వాత లీడ్‌లో అందరికంటే పైకి పోయి, మొత్తం మీద నాలుగో స్థానంలో నిలిచింది. పొట్టివాళ్లకు కష్టం లేదని నేననను. కానీ చిన్న వేళ్లకు సన్న అంచుల మీద పట్టు బాగా కుదురుతుంది, కాలు పైకి పెట్టుకోవడమూ సులువే.

మేం ఏం చేస్తామో చెప్తా. పోటీకి ముందు నాలుగైదు రోజులు హాలు తలుపులు మూసి గోడంతా ఖాళీ చేస్తాం. నిచ్చెన, డ్రిల్లు, బకెట్ల నిండా పట్టులు. ఒక బౌల్డర్ కట్టి మేమే ఎక్కి చూస్తాం. మా జట్టులో ఒక పొడుగోడు, ఒక పొట్టామె తప్పకుండా ఉంటారు. ఆమెకు అందకపోతే పట్టును ఒక్క అంగుళం కిందికి దించుతాం. అప్పుడు పొడుగోడికి మరీ తేలికవుతుంది. మళ్లీ ఎక్కించి, కాస్త తిప్పి, ఇంకో బోల్టు వేస్తాం. రాత్రి రెండింటికి టీ తాగుతూ ఒక్క అంగుళం గురించి ఎంత కొట్టుకుంటామో మీరు నమ్మరు. పోటీ అయ్యాక తెల్లారేసరికి అన్నీ ఊడదీస్తాం. ఆ బౌల్డర్ మళ్లీ ఎక్కడా ఉండదు.

చీమకుర్తి_నల్లరాయి
ఈమధ్య వీడియోల్లో పట్టులు కొన్ని నల్లగా మెరుస్తున్నాయి. మా గెలాక్సీకి పాలిష్ పట్టినట్టు.

కావలి_కుర్రోడు
@చీమకుర్తి_నల్లరాయి భలే పట్టారు. ఒకే పట్టుకు సగం గరుకు, సగం నున్న. నున్నటి వైపు చెయ్యి వేశారో, జారిపోవాల్సిందే. ఎక్కడ వెయ్యకూడదో చూసుకుని వెయ్యాలి.

కారందోశె_ప్రియుడు
అసలు వీళ్లు ముందే ప్రాక్టీసు చేసుకోరా? గోడ అక్కడే ఉంది గదా.

కావలి_కుర్రోడు
చెయ్యనివ్వరు, అదే ఈ ఆట. స్పీడ్ తప్ప మిగతా రెండింట్లో పోటీ మొదలయ్యేదాకా గోడను ఎవరికీ చూపించరు. అందర్నీ ఒక గదిలో పెడతారు, ఐసొలేషన్ అంటారు. ఫోన్లు తీసేసుకుంటారు.

నాకు బాగా గుర్తున్నది ఒక నేషనల్స్ సెమీఫైనల్. ఒక బౌల్డర్‌కు అయిదు నిమిషాలు, తర్వాత అయిదు నిమిషాలు రెస్టు. ఆ రెస్టులో కుర్చీ గోడకు వీపు చేసి వేస్తారు. వెనక వేరేవాడు మన తర్వాతి బౌల్డర్ మీదే ఉంటాడు, తిరిగి చూస్తే తప్పు. ఎదురుగా జనం. నేను జనం మొహాలే చూస్తా కూచున్నా. ముందు వరసలో ఒక పెద్దాయన చేతిలో సమోసా. వెనక వాడు పైకి పోయేకొద్దీ ఆయన సమోసా నోటి దగ్గర ఆగిపోయింది. "అయ్యో" అని జనం. ఆయన చూపు నా నెత్తి మీదనుంచి కుడివైపుకు జారింది. పై పట్టు దగ్గర కుడివైపు జారుతోందన్నమాట, అని లెక్క వేసుకున్నా. నా వంతొచ్చాక ఎడమ కాలు గట్టిగా బిగించి ఎక్కా. మొదటి ప్రయత్నంలోనే టాప్, అంటే చివరి పట్టు అందుకున్నా. ఆ సెమీస్‌లో నాకొచ్చిన టాప్ అదొక్కటే. ఫైనల్‌కు పోలేదు.

కారందోశె_ప్రియుడు
సమోసా చూసి గెలిచినోడివి నువ్వొక్కడివే అబ్బయ్యా.

కావలి_కుర్రోడు
గెలవలేదు బా, చెప్పాగా. పన్నెండో స్థానం.

ఫిజియో_అక్క
ఒంగోలులో ఫిజియోథెరపిస్టును. వేళ్ల గురించి అడిగారు, అది ఎవరూ చెప్పడంలేదు. పెద్దవాళ్లకు ఈ ఆటలో సాధారణంగా పోయేది వేలి లోపల స్నాయువును ఎముకకు అంటిపెట్టి ఉంచే పట్టీ. టప్పుమని చప్పుడొస్తుంది కూడా. పిల్లల్లో వేరు. 13 నుంచి 16 ఏళ్ల మధ్య ఎముక కొసల్లో పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది. సన్నటి అంచులమీద అదే పనిగా వేలాడితే అక్కడే చిట్లుతుంది. మధ్యవేలు నడిమి కణుపు పైవైపున నొప్పి ఉంటే బెణుకని జండూబామ్ రాయకండి. ఎక్కడం ఆపి ఎక్స్‌రే తీయించండి. పట్టించుకోకపోతే వేలు వంకర తిరిగే ప్రమాదం ఉంది. క్యాంపస్ బోర్డు అని ఉంటుంది, కాళ్లు వదిలేసి చేతులతోనే చెక్క పలకల మీద ఎగురుతారు. ఎదిగే వయసులో అది వద్దు. గుమ్మానికి వేలాడ్డం కూడా తగ్గించమనండి.

పెన్నా_గట్టు
ఈ ఒక్క విషయంలో మా అమ్మ గెలిచింది. ఇప్పుడే చదివి వినిపించా.

కావలి_కుర్రోడు
అక్క చెప్పింది నా కథే. 16 ఏళ్లప్పుడు ఒక పెద్ద ఊళ్లో, పేరు అనవసరం, ఒక కోచింగ్ చోట చేరా. రోజూ క్యాంపస్ బోర్డే. వేలు వాస్తే టేపు చుట్టి ఎక్కించేవాళ్లు. పైగా బరువు తగ్గితే గోడ తేలికవుతుందన్నారు. నేను అన్నం మానేశా. నెల్లూరోడు అన్నం మానడమంటే ఆలోచించండి. పొద్దున ఒక అరటిపండు, రాత్రి ఉడికించిన శనగలు. నాలుగు నెలలు నిజంగానే బాగా ఎక్కా, అందరూ మెచ్చుకున్నారు. అయిదో నెల నుంచి నిద్ర లేదు, పట్టు లేదు, మెట్లెక్కితే ఆయాసం. దసరాకు ఇంటికెళ్తే మా అమ్మ తలుపు తీసి, ఒక్క మాటా అనకుండా లోపలికెళ్లి చేపల పులుసు అన్నంలో కలిపి తెచ్చి నోట్లో పెట్టింది. నా కుడి మధ్యవేలు ఇప్పటికీ పూర్తిగా చాచుకోదు.

ఫిజియో_అక్క
ఇది నువ్వొక్కడివే కాదు నాన్నా. పెద్ద పెద్ద ఆటగాళ్లలోనూ ఈ తిండి మానే జబ్బు ఉందని బయటికొచ్చి, అంతర్జాతీయ సమాఖ్య 2024 నుంచి ఆరోగ్య పరీక్షల నిబంధన తెచ్చింది. ఆడపిల్లల తండ్రులు ఇంకో సంగతి చూసుకోవాలి. నెలసరి ఆగిందంటే "ఆటల్లో మామూలే" అని ఎవరన్నా అన్నారో, ఆ కోచ్ దగ్గర్నుంచి ఆ రోజే తీసుకొచ్చేయండి.

ఇంటర్_మాష్టారు
ఇంతమంది చెప్పాక కూడా ఒక మాట అడుగుతా, కోప్పడకండి. ఎన్నేళ్లకు రిటైరవుతారు? స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తుందా?

కావలి_కుర్రోడు
మాష్టారూ, వయసుకు పారిస్‌లో బౌల్డర్, లీడ్ కలిపి పెట్టిన పోటీలో పురుషుల పోడియం చూడండి. స్వర్ణం బ్రిటన్ కుర్రాడు టోబీ రాబర్ట్స్, 19. రజతం జపాన్ సొరాతో అన్‌రాకు, 17. కంచు ఆస్ట్రియా యాకోబ్ షూబర్ట్, 33. టోక్యోలో కూడా కంచు అతనిదే. చిన్నవాళ్లతో ఆడుతూ ముప్పై దాటినా నిలబడొచ్చు, వేళ్లు కాపాడుకుంటే. ఇంకో తమాషా, టోబీ బౌల్డర్‌లో మొదట రాలేదు, లీడ్‌లోనూ రాలేదు. రెండింట్లో మూడోవాడు, రెండూ కలిపితే 155.2 పాయింట్లతో మొదటివాడు.

కోటా సంగతి, దాన్ని నమ్ముకుని మాత్రం రావద్దు. ఏ నోటిఫికేషన్‌లో ఏ ఆట పేరు ఉంటుందో అప్పుడప్పుడు చూసుకోవాల్సిందే. అందుకే ఇంటర్ వదలొద్దు అంటా. హాస్టల్ వదలొచ్చు. డే స్కాలర్‌గా చదివి సాయంత్రం ఎక్కొచ్చు.

ఇంటర్_మాష్టారు
ఇదే మాట నేను మొదటే అన్నాను.

చీమకుర్తి_నల్లరాయి
మీరు "ముందు ఎంపీసీ" అన్నారు. పైకి జరిపి చూసుకోండి.

కుర్చీలో_క్రికెట్
సాయంత్రం ఎక్కడానికి నెల్లూరులో గోడేదీ? అక్కడికే వచ్చి ఆగింది కదా కథ.

మైపాడు_అల
దీనికి నా దగ్గర జవాబుంది. జపాన్‌లో అకియో నొగుచి అని ఉంది, నా హీరోయిన్. వాళ్లది పశువుల ఫారం. పదకొండేళ్లప్పుడు కుటుంబంతో గ్వామ్ వెళ్లినప్పుడు మొదటిసారి గోడెక్కింది. పిల్ల పిచ్చి చూసి వాళ్ల నాన్న ఫారంలోనే, ఆవుల పక్కనే, గోడ కట్టించాడు. ఆ పిల్ల బౌల్డరింగ్ వరల్డ్ కప్ సీజన్ టైటిల్ నాలుగుసార్లు కొట్టింది. టోక్యోలో 32 ఏళ్లకు కంచు తెచ్చుకుని, చాలు అని రిటైరైంది. అది కూడా పల్లెటూరే, పశువుల కొట్టమే.

కారందోశె_ప్రియుడు
అయితే ఒంగోలు గిత్తల మధ్య కట్టాలి. కింద పడితే గిత్త లేపుతుంది, మళ్లీ ఎక్కడం తప్పదు. ప్రపంచ రికార్డు ఖాయం.

పెన్నా_గట్టు
నవ్వకండి. కోవూరు దగ్గర మా అమ్మవాళ్ల పాత ఇంట్లో గొడ్లపాక ఖాళీగానే ఉంది. రేకుల కప్పు, ఎత్తు పదకొండు అడుగులు. నిజంగా కట్టొచ్చా?

కావలి_కుర్రోడు
కట్టొచ్చన్నా! ఎనిమిదడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల వెడల్పు చాలు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మంచి రకం, తేమకు ఉబ్బనిది. వెనక చట్రం ఇనుముతో వెల్డింగ్ చేయించండి, మీ గోడౌన్ ర్యాకులు చేసినవాడికే చెప్పండి. 30 డిగ్రీలు ముందుకు వాలాలి. ఎనిమిది అంగుళాలకొక రంధ్రం, వెనక చెక్కలోకి దిగబడే టీ నట్, ముందునుంచి ఎమ్ 10 (పది మిల్లీమీటర్ల) బోల్టు. పరుపు విషయంలో పిసినారితనం వద్దు. ఇంట్లో పాత బొంతలు పరిచి ఎక్కిస్తే నేనే వచ్చి పీకేస్తా. గట్టి ఫోమ్ అడుగున, మెత్తది పైన, ఎక్కడా సందు లేకుండా. మడమలు విరిగేది ఆ సందుల్లోనే. పట్టులు మాత్రం ఖరీదు. ఒక్కోటి అయిదొందలనుంచి ఉంటాయి, మీకు కనీసం అరవై కావాలి.

ఉదయగిరి_గరిటె
నేను ఇన్ని రోజులు చదువుతున్నానే గానీ రాయలేదు. మాది ఉదయగిరి, చెక్క గరిటెలు చేస్తాం. ఆ పట్టులు చెక్కతో పనికొస్తాయా? కొలత ఇస్తే నర్ది చెక్కతో చేసిస్తా.

కావలి_కుర్రోడు
@ఉదయగిరి_గరిటె పనికిరావడమేంటి బాబాయ్! చాలామంది ట్రైనింగుకు చెక్క పట్టులే ఇష్టపడతారు, చర్మం చీరుకోదు. చెమట వేళ్లకు ఇంకా మంచిది. అంచులు మాత్రం గుండ్రంగా తీయాలి, వేలి కణుపును కోయకూడదు. లోతు 20 మిల్లీమీటర్లనుంచి మొదలుపెట్టండి, అంతకంటే సన్నం ఈ పాపకు ఇప్పుడొద్దు.

ఉదయగిరి_గరిటె
పాయసం గరిటె అంచు ఎట్టా ఉంటుందో అట్టా తీస్తా. పెదవికి తగలనట్టు.

ఫిజియో_అక్క
వారానికి మూడు రోజులే. మిగతా రోజులు పాకకు తాళం వేసి, తాళంచెవి నానమ్మకివ్వండి.

పెన్నా_గట్టు
నెలన్నర తర్వాత రాస్తున్నా. గోడ నిలబడింది. 30 డిగ్రీలన్నారు, మా వెల్డరు కొలిచేసరికి 33 వచ్చింది, కావలి తమ్ముడు ఫొటో చూసి పర్లేదన్నాడు. ఉదయగిరి బాబాయి అరవై నాలుగు పట్టులు పంపాడు, డబ్బు చెక్కకు మాత్రమే తీసుకున్నాడు. ఒకటి మాత్రం నిజంగానే గరిటె ఆకారంలో చెక్కాడు. పాప దాన్నే చివరి పట్టుగా పెట్టుకుంది. ఇంటర్‌కు డే స్కాలర్ అని ఒప్పందం, పదిలో మార్కులు చూసి.

మొదటి రోజు పదిసార్లు పడింది. పదకొండోసారి గరిటె పట్టుకుంది. మా అమ్మ వాకిట్లోంచి చూస్తా, "ఇంతేనా, దీనికా ఇంత ఖర్చు" అంది. తర్వాత రోజు పొద్దున పోయి చూస్తే పరుపు మీద తెల్ల పంచె పరిచి వడియాలు పెట్టేసింది. అంత మెత్తటి చోటు, పక్కనుంచి ఎండ కూడా పడుతుంది, ఊరికే పోనిస్తావా అంటుంది. పాప ఇప్పుడు అవి ఎండేదాకా ఆగాల్సొచ్చింది.

ఫిజియో_అక్క
రెస్ట్ డే. బాగుంది.

కారందోశె_ప్రియుడు
వడియాలు ఏవి? పిండివా, గుమ్మడివా?

కావలి_కుర్రోడు
అన్నా, వడియాలు తీశాక పరుపు కవరు ఒకసారి దులపండి. చెమట, ఉప్పు, పిండి కలిస్తే చీమలు పడతాయి. బోల్టులు కూడా వారానికోసారి బిగించండి, చెక్క కదా, గాలి మారితే వదులవుతాయి.

పెన్నా_గట్టు
@కారందోశె_ప్రియుడు గుమ్మడివి.
@కావలి_కుర్రోడు ఏ సైజు ఎల్లెన్ కీ తమ్ముడూ? వెల్డరు వాడితోపాటే పట్టుకుపోయాడు.

కావలి_కుర్రోడు
8 మిల్లీమీటర్లది. రెండు కొనండి, ఒకటి ఎట్టాగూ పోతుంది.